చెన్నై–బెంగళూరు వందే భారత్: వెయ్యి రూపాయల టికెట్, అరవై వేల కోట్ల ప్రశ్న

చెన్నై సెంట్రల్‌లో ఉదయం 5.50కి కదిలే మైసూరు వందే భారత్ 10.15 ప్రాంతంలో బెంగళూరు మెజెస్టిక్‌లో దింపుతుంది. దాదాపు 360 కిలోమీటర్లు, నాలుగు గంటల పాతిక నిమిషాలు. బండి తయారైంది 160 వేగానికి. ఈ దారిలో 130 దాటనివ్వరు. చివరికి తేలే సగటు మాత్రం గంటకు 82 కిలోమీటర్లు. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో చెన్నై–బెంగళూరు ఒకటి. హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై కూడా ఆ ఏడులోనే ఉన్నాయి. ఇప్పుడున్న బండి మన టికెట్ డబ్బుకు ఎంత న్యాయం చేస్తోంది, రాబోయే బండి మన పన్నుల డబ్బుకు ఎంత న్యాయం చేస్తుంది అనే రెండు ప్రశ్నలనూ కలిపి చూడాల్సిన సమయం ఇది. వందే భారత్ ఎక్కడ సమయం పోగొట్టుకుంటోందో అర్థమైతే తప్ప బుల్లెట్ రైలుకు ఎంత పెట్టవచ్చో తేలదు.

ముందు టికెట్ సంగతి. చైర్ కార్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూ, ఎగ్జిక్యూటివ్ దాదాపు రెట్టింపు. 16 పెట్టెల్లో మొత్తం 1,128 సీట్లు. చైర్ కార్‌లో వరుసకు మూడు–రెండు, ఎగ్జిక్యూటివ్‌లో రెండు–రెండు. ఎగ్జిక్యూటివ్ సీటును కావలసిన దిక్కుకు తిప్పుకోవచ్చు. చైర్ కార్ సీటు తిరగదు కాబట్టి సగం మంది బండి వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాల్సిందే. అలా కూర్చుంటే కడుపులో తిప్పేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే ఎగ్జిక్యూటివ్ తీసుకోండి. మిగతావాళ్ళు ఈ నాలుగున్నర గంటలకు రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు. తిండి వద్దనుకుంటే బుక్ చేసేటప్పుడే వద్దని ఎంచుకోండి, టికెట్ ఆ మేరకు తగ్గుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం సీట్లు ముందే అయిపోతాయి. తత్కాల్ మీద ఆధారపడేవాళ్ళు ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే చేయించుకోవాలి. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి కాబట్టి కాట్పాడిలో టీ కోసం దిగే అలవాటు ఈ బండిలో పనికిరాదు.

శతాబ్ది కన్నా వందే భారత్ ముందు చేరేది అరగంటే. ఆ అరగంట కూడా గరిష్ఠ వేగం వల్ల వచ్చింది కాదు. పెట్టెల్లో సగానికి కిందే మోటార్లుంటాయి. అందుకే వేగం తగ్గించాల్సిన చోటు దాటగానే బండి వెంటనే పుంజుకుంటుంది. ఇంజన్ లాగే శతాబ్దికి అదే పని చేయడానికి నిమిషాలు పడుతుంది. చెన్నై పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో 2018లో తయారైన ఈ డిజైన్ అసలు గొప్పతనం అది. బండి విషయంలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. లోపమంతా దాని కింది దారిలో ఉంది.

ఆ దారిని కాస్త దగ్గరగా చూద్దాం. చెన్నై నుంచి జోలార్‌పేట దాకా 213 కిలోమీటర్లు చాలావరకు చదును నేల. అక్కడే బండి 130 అందుకుంటుంది. జోలార్‌పేట దాటాక, మన కుప్పం మీదుగా, పీఠభూమి ఎక్కుడు మొదలవుతుంది. చెన్నై సముద్రమట్టానికి ఆరేడు మీటర్ల ఎత్తు, బెంగళూరు 900 మీటర్లకు పైన. ఎక్కుడు అంటే కరెంటు ఖర్చు అనుకుంటాం గానీ అది చిన్న విషయం. 450 టన్నుల బండిని 900 మీటర్లు పైకి తీసుకెళ్ళడానికి కావలసింది సుమారు 1,100 యూనిట్లు, అంటే ప్రయాణికుడికి ఒక యూనిట్. అసలు ఇబ్బంది వంపులు.

రెండు డిగ్రీల వంపు అంటే 875 మీటర్ల వ్యాసార్థం. వంపులో బయటి పట్టాను కాస్త ఎత్తుగా వేస్తారు. ఆ ఎత్తును 165 మిల్లీమీటర్ల దాకా తీసుకెళ్ళవచ్చు. కానీ అదే పట్టా మీద గూడ్సు కూడా నడుస్తుంది. ఎక్కువ ఎత్తితే మెల్లగా వెళ్ళే గూడ్సు బరువంతా లోపలి పట్టా మీద పడి అది త్వరగా అరిగిపోతుంది. అందుకని రాజీ పడతారు. ఎత్తు 100 మిల్లీమీటర్లు, వేగానికి కావలసిన ఎత్తు కన్నా తక్కువున్నా అనుమతించే లోటు 75 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం 175ను వ్యాసార్థంతో హెచ్చించి, వర్గమూలం తీసి, 0.27తో గుణిస్తే వచ్చేది గంటకు 105 కిలోమీటర్లు. అదే నాలుగు డిగ్రీల వంపులో 75. బండికి ఎంత శక్తి ఉన్నా ఈ లెక్క మారదు. ముంబై–అహ్మదాబాద్ హైస్పీడ్ లైనులో కనీస వ్యాసార్థం 6,000 మీటర్లు. పాత దారిని బాగుచేసి 300 వేగం తేవడం కుదరదు, కొత్త నేల మీద కొత్త దారి వేయాల్సిందే అనడానికి కారణం ఇదే. ఖర్చంతా పుట్టేది కూడా ఇక్కడే.

ఇక మిగిలిన సమయం రెండు చివర్లలో పోతుంది. చెన్నైలో బేసిన్ బ్రిడ్జి దగ్గర అన్ని దిక్కుల లైన్లూ ఒకేచోట కలుస్తాయి. బెంగళూరు వైపు వైట్‌ఫీల్డ్ దాటాక కంటోన్మెంట్ దాకా పాసింజర్లు, మెమూలు, ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ ఒకదాని వెనక ఒకటి. ఔటర్‌లో పది నిమిషాలు నిలబడితే 130 వేగంతో సంపాదించిందంతా కరిగిపోతుంది. కంటోన్మెంట్–వైట్‌ఫీల్డ్ నాలుగు లైన్ల పని ఏళ్ళ తరబడి సాగుతోంది. ఈ మార్గంలో అన్నిటికన్నా ముందు పూర్తవ్వాల్సింది అదే. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు ఉండే మనవాళ్ళు కె.ఆర్.పురంలో ఆగే బండి దొరికితే అక్కడే దిగడం మేలు. మెజెస్టిక్ దాకా వెళ్ళి మళ్ళీ పర్పుల్ లైను మెట్రోలో వెనక్కి రావడం గంట పని.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేస్తే వందే భారత్ ప్రయాణం ఐదున్నర నుంచి ఆరు గంటలు. విమానం గాల్లో ఉండేది గంటే అయినా, దేవనహళ్ళి చేరడం, సెక్యూరిటీ, చెన్నైలో బయటపడటం అన్నీ కలిపితే నాలుగున్నర నుంచి ఐదు. హోసూరు, కృష్ణగిరి మీదుగా బస్సుకు ఏడెనిమిది. గంటంపావులో చేర్చే బుల్లెట్ రైలు వచ్చి, రెండు స్టేషన్లూ ఊరి నడిబొడ్డున ఉంటే మొత్తం మూడుంబావు. అంటే వందే భారత్ వాళ్ళకు రెండున్నర గంటలు, విమానం వాళ్ళకు గంటన్నర, బస్సు వాళ్ళకు నాలుగు గంటలు మిగులుతాయి. సగటున రెండున్నర గంటలు అనుకుందాం.

దానికి ధర ఎంత? మన దగ్గర ఉన్న కొలమానం ముంబై–అహ్మదాబాద్. 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు, 2017 సెప్టెంబర్ 14న శంకుస్థాపన, తొలి అంచనా రూ. 1,08,000 కోట్లు. కిలోమీటరుకు రూ. 213 కోట్లు. 90 శాతానికి పైగా దారి వంతెనల మీదే ఉంటుంది. దానివల్ల సేకరించాల్సిన నేల వెడల్పు 17.5 మీటర్లకు తగ్గింది, కాంక్రీటు ఖర్చు పెరిగింది. భూసేకరణ ఆలస్యాలతో 2023 గడువు దాటిపోయింది, అంచనా కూడా పెరిగింది. వేగం ఎక్కువ కాబట్టే ఇంత ఖర్చు అనుకోవడం పొరపాటు. 160 వేగంతో నడిచే ఢిల్లీ–మీరట్ నమో భారత్ లైను 82 కిలోమీటర్లకు రూ. 30,274 కోట్లు మంజూరైంది. అది కిలోమీటరుకు 369 కోట్లు. ఊరి మధ్యలో వంతెనలు, సొరంగాలు ఎంత మేర ఉన్నాయన్నదే ధరను తేలుస్తుంది. రైళ్ళ ధర అందులో చిన్న భాగం. ఐసీఎఫ్ కోసం బెంగళూరులోని ప్రభుత్వ సంస్థ బీఈఎంఎల్ తయారుచేస్తున్న 280 వేగపు రైలు ఒక్కో పెట్టె రూ. 27.86 కోట్లు. పదహారు పెట్టెల రైళ్ళు పది కొన్నా నాలుగున్నర వేల కోట్లు దాటదు.

చెన్నై–బెంగళూరు కొత్త దారి 300 కిలోమీటర్లు అనుకుని, పాత ధర 213 కోట్లే వేస్తే సుమారు రూ. 64,000 కోట్లు. తూర్పు కనుమలు ఎక్కాలి, సొరంగాలు తప్పవు, ధరలు పెరిగాయి. కాబట్టి ఇది తక్కువలో తక్కువ అంకె. ఈ డబ్బును 7 శాతం వడ్డీకి ఇక్కడే అప్పు తెస్తే ఏడాదికి వడ్డీ ఒక్కటే 4,480 కోట్లు. సగటు టికెట్ 2,000 రూపాయలు, అందులో నడిపే ఖర్చు పోను వెయ్యి మిగులుతుందనుకుంటే, వడ్డీ కట్టడానికే ఏడాదికి నాలుగున్నర కోట్ల మంది ఎక్కాలి. రోజుకు లక్షా ఇరవై మూడు వేల మంది. కిక్కిరిసిన వందే భారత్‌లు రెండు వైపులా కలిపి రోజుకు 109 నడిపినంత జనం అది. ఈ రెండు ఊళ్ళ మధ్య ఇవాళ అలాంటి రద్దీ లేదు.

అదే లైనుకు ముంబై ప్రాజెక్టులో 81 శాతం ఖర్చుకు జపాన్ ఇచ్చిన షరతులు దొరికితే బొమ్మ మారిపోతుంది. 0.1 శాతం వడ్డీ, 50 ఏళ్ళ గడువు, మొదటి 15 ఏళ్ళు అసలు కట్టనక్కర్లేదు. మొత్తం ఖర్చుకూ అలాంటి అప్పే దొరికిందనుకుంటే, 35 ఏళ్ళలో అసలు తీర్చడానికి ఏడాదికి 1,830 కోట్లు చాలు. ఆ కాస్త వడ్డీతో కలిపి రోజుకు 52,000 మంది ఎక్కితే సరిపోతుంది. కాకపోతే అప్పు యెన్‌లలో ఉంటుంది. రూపాయి ఏటా 3 శాతం బలహీనపడితే 15 ఏళ్ళకే ఆ అప్పు మన లెక్కలో ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ ప్రాజెక్టు గిట్టుబాటులో బండి వేగం కన్నా అప్పు షరతులే పెద్ద పాత్ర వహిస్తాయి. తైవాన్ అనుభవం అదే చెబుతుంది. 2007లో మొదలైన అక్కడి హైస్పీడ్ రైలును జనం బాగా ఆదరించారు. అయినా వడ్డీ, తరుగుదల భారం మోయలేక 2009లో ప్రభుత్వం పగ్గాలు చేపట్టాల్సి వచ్చింది. 2015 పునర్వ్యవస్థీకరణలో 35 ఏళ్ళ ఒప్పందాన్ని 70 ఏళ్ళకు పొడిగించారు. రైలు మారలేదు, అప్పు లెక్క మార్చారు, అంతే.

టికెట్ డబ్బు రాకపోయినా సమాజానికి లాభం ఉంటుంది కదా అనే వాదన సరైనదే. దాన్ని కూడా అంకెల్లో పెట్టాలి. ఏడాదికి 2 కోట్ల మంది, మనిషికి రెండున్నర గంటలు, గంట విలువ 200 రూపాయలు అనుకుంటే సమయం ఆదా ఏడాదికి వెయ్యి కోట్లు. ఐటీ ఉద్యోగుల కోసం గంటను 400 చేసినా రెండు వేల కోట్లు. రోడ్డు ప్రమాదాలు తగ్గడం, పొగ తగ్గడం దీనికి కలుస్తాయి. ఇక్కడే చాలా నివేదికలు దారి తప్పుతాయి. స్టేషను చుట్టూ భూమి ధర పెరగడాన్ని వేరే లాభంగా చూపిస్తారు. ఆ ధర పెరిగేదే ప్రయాణ సమయం తగ్గినందువల్ల. ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించినట్టు అవుతుంది. కట్టేటప్పుడు వచ్చే ఉద్యోగాలను కూడా లాభాల్లో కలుపుతారు. ఆ కూలీ మన ఖర్చు పద్దులోనిది. ఆ కార్మికులకు వేరే పని దొరకని పరిస్థితి ఉంటేనే అందులో కొంత లాభం కింద లెక్క. ఇక అంచనాల తీరు. ప్రపంచవ్యాప్తంగా రైలు ప్రాజెక్టులను పరిశీలిస్తే ఖర్చు సగటున 45 శాతం పెరిగింది, ప్రయాణికులు అంచనాలో సగమే వచ్చారు. టోక్యో–ఒసాకా లైను కూడా 1964లో తెరిచేనాటికి తొలి అంచనాకు దాదాపు రెట్టింపు మింగింది. అది నిలబడింది, ఎందుకంటే ఆ దారిలో జనం అప్పటికే పాత లైన్లలో పట్టనంతగా ఉన్నారు.

పట్టకపోవడం అన్నదే అసలు మాట. హైస్పీడ్ లైను ఇచ్చే పెద్ద లాభం వేగం కాదు, ఖాళీ. 100 కిలోమీటర్ల భాగంలో 130 వేగపు బండికి 46 నిమిషాలు, 75 వేగపు గూడ్సుకు 80 నిమిషాలు. ముందు గూడ్సును వదిలితే వెనక వందే భారత్‌ను 34 నిమిషాల తర్వాతే వదలాలి. లేదంటే గూడ్సును పక్క పట్టా మీద, అంటే లూప్ లైనులో నిలబెట్టాలి. అందుకే కొత్త వందే భారత్ వేసిన ప్రతిసారీ ఏదో ఒక పాసింజరు, ఏదో ఒక గూడ్సు ఆగి దారి ఇస్తుంది. ఆ ఆలస్యం ఖర్చు ఎవరి టికెట్లోనూ కనపడదు. వేగపు బండ్లన్నీ కొత్త దారికి వెళ్ళిపోతే పాత లైను మొత్తం గూడ్సుకూ, బంగారుపేట నుంచి రోజూ బెంగళూరు వచ్చే ఉద్యోగులకూ దొరుకుతుంది. హైస్పీడ్ పక్షాన ఉన్న అన్నిటికన్నా బలమైన వాదన ఇదే. ప్రచారంలో మాత్రం గంటంపావు ప్రయాణం గురించే వింటాం.

మరి తక్కువ ఖర్చులో ఏం దొరుకుతుంది? ఢిల్లీ–ముంబై పాత లైను 1,483 కిలోమీటర్లను 160 వేగానికి పెంచడానికి 2019లో సుమారు రూ. 6,800 కోట్లు మంజూరు చేశారు. కిలోమీటరుకు 4.6 కోట్లు. కంచె, లెవెల్ క్రాసింగుల తొలగింపు, పట్టాలు మారే చోట బలమైన పాయింట్లు, సిగ్నళ్ళు, రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ కలిపి చేసే పని అది. అదే ధరకు చెన్నై–బెంగళూరు 360 కిలోమీటర్లకు సుమారు 1,650 కోట్లు. జోలార్‌పేట దాకా 130 నుంచి 160కి వెళితే 18 నిమిషాలు తగ్గుతాయి. ఎక్కుడులో కొన్ని వంపులు సరిచేస్తే మొత్తం పాతిక. ఆదా అయ్యే ఒక్కో నిమిషానికి 66 కోట్లు. బుల్లెట్ రైలులో మూడు గంటలకు 64,000 కోట్లు, నిమిషానికి 355 కోట్లు. ఈ పోలికలో ఒక లోటుంది. 160 పని వేగం పెంచుతుంది గానీ, వేగాల మధ్య తేడా ఇంకా పెంచి గూడ్సుకు దారి మరింత ఇరుకు చేస్తుంది. అందుకే దాన్ని విడిగా చేయకూడదు. రద్దీ భాగాల్లో మూడు, నాలుగు లైన్లతో కలిపి చేయాలి. నా అభిప్రాయంలో వచ్చే పదేళ్ళకు ఈ మార్గంలో పెట్టాల్సిన మొదటి డబ్బు అదే. బుల్లెట్ రైలు వద్దని కాదు. అది రావడానికి ఎలాగూ పదేళ్ళు పడుతుంది, అప్పటిదాకా జనం ఎక్కాల్సింది ఈ పట్టాల మీదే.

కొత్త లైను ఖాయమైతే గట్టిగా పట్టుబట్టాల్సింది స్టేషన్ల చోటు గురించి. గంటంపావులో పూందమల్లి దగ్గర దింపి, అక్కడి నుంచి నగరంలోకి గంట పడితే, విమానం మీద ఉన్న ఆధిక్యం దాదాపు పోతుంది. తైనాన్, చియాయీ ఊళ్ళకు దూరంగా స్టేషన్లు కట్టి తైవాన్ ఈ ఇబ్బంది పడింది. ఫ్రాన్స్‌లో పొలాల మధ్య కట్టిన స్టేషన్ల చుట్టూ అనుకున్న ఊళ్ళు రాలేదు. గతంలో అనుకున్న చెన్నై–మైసూరు మార్గంలో చిత్తూరు పేరు ఉంది. మన జిల్లాకు స్టేషను రావాలని అందరూ కోరుకుంటాం. ఒక్కసారి ఆగితే, వేగం తగ్గించి మళ్ళీ అందుకోవడంతో కలిపి ఐదారు నిమిషాలు పోతాయి. కాబట్టి అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు. చిత్తూరులో రోజుకు ఎన్ని ఆగుతాయి, తిరుపతికి అక్కడి నుంచి కలిపే బండి ఉందా లేదా అన్నది చూశాకే సంతోషించాలి.

బెంగళూరులోని తెలుగువాళ్ళకు దీనికన్నా ముఖ్యమైనది హైదరాబాద్ లైను. కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ 610 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. సగటు 72. రాత్రి బస్సు కన్నా పెద్దగా మెరుగు కాదు కాబట్టి జనం విమానానికే వెళతారు. రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా చేర్చే రైలు వస్తే విమానం నుంచి జనాన్ని లాగేది ఈ దూరంలోనే. ఖర్చు మాత్రం దూరంతో పాటు రెట్టింపవుతుంది. కిలోమీటరుకు 213 కోట్ల చొప్పున చూసినా లక్షా పాతిక వేల కోట్లు దాటుతుంది. చెన్నై లైను, హైదరాబాద్ లైను బెంగళూరులో ఒకే స్టేషనులో, ఒకే డిపోతో, ఒకే సిగ్నల్ విధానంతో కలిస్తే ఊళ్ళోకి వచ్చే సొరంగం ఒక్కసారి తవ్వితే చాలు, రైళ్ళను రెండు వైపులా తిప్పుకోవచ్చు. ఒకటి బైయప్పనహళ్ళిలో, మరొకటి దేవనహళ్ళిలో ఆగేలా విడివిడిగా డీపీఆర్‌లు (సవివర ప్రాజెక్టు నివేదికలు) రాస్తే, నగరంలోకి దారి రెండుసార్లు కట్టాలి, చెన్నై నుంచి హైదరాబాద్ వైపు మారే ప్రయాణికుడు ఊరంతా దాటాలి. రెండు డీపీఆర్‌లు బయటికొచ్చిన రోజు ముందుగా తెరవాల్సింది బెంగళూరు స్టేషను మ్యాపున్న పేజీని.